కాళ్ళు కట్టి బండి అమ్మే మనిషి

తార్నాక సిగ్నల్ దగ్గర నాలుగు వైపులా ట్రాఫిక్‌ను ఆపినవాణ్ణి నేను. పోలీసును కాను, మంత్రిని అంతకన్నా కాను. చిన్న కారు ఇంజను సిగ్గుపడేంత ఇంజనున్న ఎర్రటి మూడు చక్రాల మోటారు సైకిల్ కొని, మార్చిన తుంటి కీలుతో, ఒంటిచేత్తో, మౌలాలి కమాను దాకా వెళ్ళివచ్చాను. ఆటోవాళ్ళు బళ్ళు ఆపుకుని మరీ చూశారు. ఒక బస్సు కండక్టరు ఫుట్‌బోర్డు మీద నుంచి సలాం కొట్టాడు.

ఇందులో కొంత సాగతీత ఉంది. ఏది ఎంత సాగిందో నేనే చెప్తాను, తొందరపడకండి. ముందు ఆ బండి నాకు అమ్మిన మనిషి సంగతి చెప్పాలి. ‘నాకు అమ్మిన’ అన్న మాట కూడా కాస్త సాగిందే.

అతను పోయాడని మొన్న ఫ్లై ఓవర్ కింద చాయ్ బండి దగ్గర తెలిసింది. “మూడు టైర్ల సార్ పోయిండు గద సార్, మీకెరుకనే గావచ్చు,” అన్నాడు చాయ్ పోసేవాడు. అటువంటప్పుడు మర్యాదగల మనిషి ‘అయ్యో’ అంటాడు. నేను “చక్కెర తక్కువ వెయ్యమన్నానా లేదా?” అన్నాను. పోయినవాళ్ళను గురించి తీపిగా మాట్లాడే అలవాటు నాకు మొదటి నుంచీ లేదు. పైగా ఈ మనిషి బతికుండగా నన్ను యూనివర్సిటీ క్యాంపస్ నడిరోడ్డు మీద, వాకింగ్‌కొచ్చిన నలుగురి ఎదుట, మంచపు నవారుతో కట్టేసినవాడు.

కట్టేశాడంటే నిజంగానే కట్టేశాడు. ఇది సాగతీత కాదు.

నా సంగతి నాలుగు ముక్కల్లో చెప్తాను. నేను యూనివర్సిటీ పరీక్షల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసంతా స్కూటర్ మీదే. తార్నాక నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి వారాసిగూడ మార్కెట్టుకు, అక్కణ్ణుంచి ఇంటికి. తర్వాత బాత్‌రూములో జారిపడితే ఎడమ తుంటి మార్చారు. నేనింకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే మా ఆవిడ నా స్కూటర్‌ను ఎవరికో అమ్మేసింది. ఆవిడ రిటైరైన నర్సు. మనిషిని అడిగి సూది వేసే అలవాటు లేదు. ఆ తర్వాత నేను బయటికి వెళ్ళాలంటే ఆవిడ కారులో, ఆవిడ పక్కన, బెల్టు పెట్టుకుని, ఆవిడ ఎక్కడ ఆపితే అక్కడ దిగాలి. నాకు ఒకే ఒక్క కోరిక మిగిలింది. ఎవరూ పక్కన లేకుండా, నా చేతుల్తో హ్యాండిల్ పట్టుకుని, క్యాంపస్ అంతా ఒకసారి చుట్టిరావాలి. స్కూటర్‌కు పక్క చక్రాలు పెట్టించుకోమన్నారు బంధువులు. పెట్టించుకోను. పడిపోతానేమోనన్న భయాన్ని వెనక రెండు చక్రాలుగా తగిలించుకుని ఊరంతా తిరిగినట్టుంటుంది.

అప్పుడు కనపడింది ఆ బండి. లైబ్రరీ వైపు రోడ్డు మీద, ఎర్రగా, ముందు చూస్తే మోటారు సైకిల్, వెనక చూస్తే జీపుకుండేంత లావు టైర్లు రెండు. చప్పుడు చెవికి కాదు, ముందు ఛాతీకి తగిలింది. వెనక సీటుకు ఒక అట్టముక్క వేలాడుతోంది. దాని మీద చేతిరాత: ‘అమ్మబడును. అందరికీ కాదు.’

చూశారా ఆ పొగరు? అక్కడే వెనక్కి తిరిగి రావలసింది.

వాకబు చేస్తే బండాయన ఇల్లు తార్నాకలోనే, మెట్రో పట్టాల వెనక సందులో. మా ఆవిడకు వాకింగని చెప్పి నేను వెళ్ళేసరికి అతను రేకు కుర్చీలో, గేటుకు వీపు పెట్టి, బండికి ముఖం పెట్టి కూర్చుని ఉన్నాడు. బక్క మనిషి, లుంగీ, పైన ఇస్త్రీ చొక్కా. నేను దగ్గాను. తిరగలేదు.

“బండి చూద్దామని వచ్చాను.”

“చూసినవ్ గద. పో.”

“చూడ్డమంటే, కొందామని.”

“అది నువ్వు చెప్పేది గాదు. నేన్ చెప్తా.” లుంగీ అంచుతో పెట్రోల్ ట్యాంకు మీద లేని దుమ్మును తుడిచి, అదే అంచును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఎప్పుడు వెళ్ళినా ఈ తుడవడం, వాసన చూడడం ఉండేవి. “ఇప్పటిదాంక ఏం నడిపినవ్?”

“స్కూటర్. నలభై ఏళ్ళు,” అన్నాను, కొంచెం ఛాతీ విరుచుకునే.

అతని ముఖం వాడిపోయింది. “నలభై ఏండ్లా? మస్తు కష్టం,” అన్నాడు. ఏదో ఇంట్లో మనిషికి జబ్బని తెలిసినట్టు అన్నాడు. నేను హాస్యమనుకున్నాను. ఆ మనిషికి హాస్యమంటే ఏమిటో తెలియదని నాకప్పటికి తెలియదు.

లోపల్నుంచి చాయ్ వచ్చింది. ఒక్క కప్పు. అతను సాసర్లో పోసుకుని, నా ముందే, నా వైపు చూడకుండా, ఊదుకుంటూ పూర్తిగా తాగాడు.

కెమిస్ట్రీ చెప్పి రిటైరైన ప్రొఫెసరట. నాకు ఆశ్చర్యం కలగలేదు. కొందరు మేష్టార్లు రిటైరయ్యాక మనుషులవుతారు, ఇతను కాలేదు. లోకమంతా అతనికి ప్రాక్టికల్స్ పరీక్ష, తనొక్కడే ఎగ్జామినర్. అతని దగ్గర మూడే మాటలు. మనం ఏం చెప్పినా మొదట “మళ్ళ చెప్పు,” తర్వాత “ఫెయిల్,” ఇక పట్టలేని సంతోషం కలిగితే “ఊఁ.” ఆ మూడో మాట అతని దగ్గరికి తిరిగినన్నాళ్ళలో ఒక్కసారే విన్నాను. అది నా గురించి కాదు.

క్యాంపస్‌లో అతనితో తగువు పడనివాళ్ళు లేరు. ముగ్గురు వరసగా రోడ్డంతా పరుచుకుని నడిచేవాళ్ళ వెనక్కి వచ్చి, హారన్ కొట్టకుండా, ఇంజను గుడగుడలాడిస్తూ ఆగేవాడు. వాళ్ళు ఉలిక్కిపడి గట్టెక్కేదాకా అక్కడే. అదే నెమలి అడ్డమొస్తే ఇంజను ఆపేసి కూర్చునేవాడు. ఒకసారి ఎవరో అడిగారు, సార్, మనుషులకేమో ఒక న్యాయం, నెమలికేమో ఒక న్యాయమా అని. “మీకు కాళ్ళే ఉన్నయి. దానికి తోక గూడ ఉన్నది. దానికి టైం పడ్తది,” అన్నాడు.

మరి అంత ప్రాణమైన బండిని ఎందుకు అమ్ముతున్నట్టు? అదీ అడిగాను. ఎడమ కన్ను మీద వేలు పెట్టి, “ఇది ఫెయిలయ్యింది,” అన్నాడు. తన కంటి మీద కూడా అంతే కోపం. ఆ ఒక్క మాటకు మాత్రం అతణ్ణి ఒప్పుకుంటాను. తనకని వేరే మార్కులు వేసుకోలేదు.

నా మీద అతనికున్న కసికి మాత్రం కారణం వేరు. అది నాకొక్కడికే తెలుసు. నేను పరీక్షల విభాగంలో ఉన్న రోజుల్లో అతని డిపార్టుమెంటు నుంచి వచ్చిన మార్కుల కవరును, సీలు సరిగ్గా లేదని, తిప్పి పంపాను. ప్రొఫెసరే మళ్ళీ మోసుకొచ్చి ఇవ్వాల్సొచ్చింది. అటువంటివాళ్ళు అటువంటివి మరిచిపోరు. నేను గేటులో దగ్గిన మొదటి రోజే గుర్తుపట్టి ఉంటాడు, అందుకే తిరగలేదు.

పరీక్ష రోజు పొద్దున్నే రమ్మన్నాడు. పెద్ద రాతి భవనం ముందు వెడల్పాటి రోడ్డు. సీతాఫలం పొదల పక్కన బండి నిలబెట్టి, సీటు కింద పెట్టెలోంచి నవారు చుట్ట తీశాడు. మంచాలకు అల్లే నవారే, తెల్లది, అంచులు మాసినది.

“కాళ్ళియ్యి,” అన్నాడు.

“ఎందుకు?”

“కట్టాలె. ఫుట్‌రెస్టుకు కట్టాలె. ఎవరొచ్చినా కడ్త. నలభై ఏండ్లోనికి ఇంకింత గట్టిగ కడ్త.”

వాకింగువాళ్ళు ఆగారు. అందులో ఇద్దరు నా పాత ఆఫీసువాళ్ళు. “నన్నేమన్నా పారిపోయే దున్నపోతనుకున్నారా?” అన్నాను.

“దున్నపోతుకైతే గిన్నిసార్లు చెప్పే పని లేకుండె. కట్టుకోవా? మంచిది. నడుపు. ఒక్క మాట యాదికుంచుకో. కాలు కింద పెట్టకు.”

నడిపాను. మొదటి కొంత దూరం రాజాలాగే నడిపాను. ఆ ఎత్తు, ఆ వెడల్పు, కాళ్ళ మధ్య ఆ గుడగుడ. మార్చిన తుంటి ఉన్నట్టే తెలియలేదు. పొదలు, చెట్లు, నన్ను చూస్తున్న ముఖాలు అన్నీ వెనక్కి పోతున్నాయి. బెల్టు లేదు, పక్కన మనిషి లేదు. మలుపు వచ్చింది. స్కూటర్ మీద ఎలా వంగుతానో అలాగే వంగాను. ఈ బండి వంగదు. నేను ఎడమకు వంగాను, అది తిన్నగా సీతాఫలం పొదల వైపు పోయింది. బ్రేకు వేశాను. బండి నెమ్మదించింది. అంతే, నేను చెప్పకుండానే నా కుడి కాలు కిందికి దిగింది.

స్కూటర్ నడిపినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. బండి నెమ్మదిస్తే కాలు దిగుతుంది. ప్రతి సిగ్నల్ దగ్గరా, ప్రతి గుంత దగ్గరా, కొట్టు ముందు పాల ప్యాకెట్టు అందుకునేటప్పుడూ దిగుతుంది. దిగకపోతే పడతాం. కానీ ఈ బండికి కాలు దిగే చోటి వెనకే టైరుంది. ఇంకా ముందుకు కదులుతున్న బండి మీద నుంచి కాలు దించితే, మన టైరే వచ్చి మన పాదం మీద ఎక్కుతుంది. నా చెప్పు మడమను టైరు పట్టుకుంది. నేను కాలు లాక్కున్నాను, చెప్పు దాని కింద ఉండిపోయింది.

అతను కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. నా దగ్గరికి కాదు, తాళంచెవి దగ్గరికి. అది లాగి జేబులో వేసుకుని, అక్కడే రోడ్డు మీద, తన ఎడమ కాలి బూటు విప్పాడు. మేజోడు కూడా లాగేశాడు. బొటనవేలి పక్కన రెండు వేళ్ళు లేవు.

“చూడు. మంచిగ చూడు. ఇగో, గీ బండే తిన్నది. నేన్ గూడ ఇరవయ్యేండ్లు స్కూటర్ నడిపినోన్నే. నా కాలి ఏళ్ళు తిన్న బండిని నీ కాలి ఏళ్ళు గూడ తినమని అమ్మాల్నా?”

“అలవాటు కొద్దీ దిగింది...”

“మళ్ళ చెప్పు.”

“అలవాటు.”

“గదే. రెండు టైర్ల బండి పడ్తది. అందుకే కాలు పెడ్తవ్. ఇది పడది. పడదని నీ దిమాఖ్‌కు చెప్పిన, సమజయ్యింది. నీ కాలుకు ఎవ్వడు చెప్పాలె?” బూటు తొడుక్కుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు, “ఫెయిల్. మళ్ళ రా.”

ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా నేను తార్నాక గేటు దాకా నడిచి ఆటో ఎక్కాను. ఆ దారంతా అతణ్ణి తిట్టిన తిట్లు రాస్తే ఎవరూ అచ్చు వేయరు.

అయినా మళ్ళీ వెళ్ళాను. ఆ కొంత దూరం రాజాలాగా నడిపానే, అది నన్ను పట్టుకుంది. ఈసారి కాళ్ళిచ్చాను. అతను రోడ్డు మీద గొంతుక్కూర్చుని, ముడి వేసి, ఎక్కడికక్కడ లాగి చూసి, నా వైపు కాక నవారు వైపే చూస్తూ నిలబడేవాడు. నేను ఆపినప్పుడల్లా కాలు ఎగిరేది, నవారు బిగుసుకునేది. బిగుసుకుంటే “ఫెయిల్.” ఒక పొద్దున కాదు, ఆ శీతాకాలమంతా ఇదే వరస. ఒక పెద్దమనిషి చేతులు జోడించి, “మొక్కుకున్నరా సార్? ఏ దేవునికి?” అని అడిగాడు. ఇంకొకాయన ఫొటో తీశాడు. నా చీలమండల మీద ఎర్రటి చారలు పడ్డాయి.

ఆ చారలు మా ఆవిడ కంటపడ్డాయి. కట్లు కట్టిన చేతులు గదా, చూడగానే కట్టు గుర్తు అని తెలిసిపోయింది. మర్నాడు పొద్దున నా వెనకే కారులో వచ్చింది. నేను నవారుతో బండికి కట్టబడి ఉన్న సమయానికి సరిగ్గా దిగింది.

“ఏమయ్యా, నువ్వు ప్రొఫెసరువా, ఇంకేమన్నానా? తుంటి మార్చిన మనిషిని కాళ్ళు కట్టి ఊరేగిస్తాండావా? ఇప్పుడాయన కింద పడితే యాడికి తీసుకపోవల్ల? మళ్ళ ఆ ఆసుపత్రికేనా?”

మాది కర్నూలు వైపు. ఆవిడకు కోపం వస్తే ఆ ఊరు నోట్లోకి వచ్చేస్తుంది. నాకు లోపల పండగగా ఉంది. ఈ మనిషికి తగిన మనిషి ఇన్నాళ్ళకు ఎదురైందనుకున్నాను.

అతను ఆవిడ తిట్లు వినలేదు. ఆవిడ వచ్చిన కారును చూస్తున్నాడు. “నువ్వే నడుపుకుంట వచ్చినవా చెల్లే?”

“నేను గాక ఇంగెవరు నడుపుతారు?”

“స్కూటర్ నడుపుతవా?”

“జన్మలో ముట్టలేదు.”

“సైకిల్?”

“అదీ లేదు. అయినా నేనడిగేదేంది, నువ్వు చెప్పేదేంది?”

అప్పుడు చూశాను అతని ముఖం. ఎండిన చెట్టు మీద నీళ్ళు పోసినట్టయింది. నా కాళ్ళ నవారు విప్పి, నన్ను దిగమన్నాడు. “ఎక్కు చెల్లే. తిట్టుడు తర్వాత తిట్టు. ముందుగాల ఎక్కు.”

ఆవిడ చున్నీ నడుముకు చుట్టుకుని, వాదన గెలవడానికే ఎక్కింది. అతను ఆవిడ కాళ్ళు కట్టలేదు. క్లచ్చు, గేరు, బ్రేకు ఎక్కడో చూపించాడు, అంతే. మొదట రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. మూడోసారి బండి కదిలింది. మలుపు దగ్గర ఆవిడ వంగలేదు, కారు స్టీరింగ్ తిప్పినట్టు హ్యాండిల్ తిప్పింది. బండి బుద్ధిగా తిరిగింది. మా ముందుకొచ్చి ఆపింది. కాళ్ళు రెండూ ఫుట్‌రెస్టుల మీద, పీట మీద పెట్టుకున్నట్టు, కదలకుండా ఉన్నాయి. దించాలన్న ఆలోచనే ఆ కాళ్ళకు లేదు. పైగా ఆ బండికి రివర్సు గేరుందని శీతాకాలమంతా నాకు తెలియలేదు, ఆవిడ అడిగి తెలుసుకుని, వెనక్కి పోయి, కారు పక్కన పార్కు చేసింది.

“ఊఁ,” అన్నాడు అతను.

తర్వాత నా వైపు తిరిగాడు. “బండి చెల్లెకు అమ్ముత.”

“కొనేది నేను. చెక్కు రాసేది నేను,” అన్నాను.

“రాయి. ఎవరొద్దన్నరు? చెక్కు నీది, బండి చెల్లెది. నువ్వు ఎనక కూసో.”

“మరి నా పరీక్ష?”

నవారును మోచేతికి చుట్టుకుంటూ చుట్టుకుంటూ, చివర దోపి, జేబులో పెట్టుకున్నాడు. “నీకిగ పరీక్ష లేదు,” అన్నాడు. ఫెయిల్ అనైనా అనలేదు. ఆ మాటన్నంత కాలం మళ్ళీ రమ్మన్నట్టుండేది.

నేను మా ఆవిడ వైపు చూశాను, వద్దంటుందని. ఆవిడ ట్యాంకు మీద చెయ్యి వేసి ఉంది. “రంగు బాగుండాది,” అంది.

కనుక ఇప్పుడు లెక్క సరిచేస్తాను. మౌలాలి కమాను దాకా వెళ్ళిన మాట నిజం. నడిపింది మా ఆవిడ. ఒంటిచేత్తో అన్నదీ నిజమే. ఒక చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో దారిలో వాళ్ళకు టాటా చెప్పాను. తార్నాక సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ ఆగిన మాట వాస్తవం. పచ్చ లైటు పడ్డాక మా ఇంజను ఆగిపోయింది, వెనక ఎవరూ కదల్లేకపోయారు. నాలుగు వైపులా కాదు, ఒక వైపే. కండక్టరు సలాం కొట్టింది ఆవిడకు. ఇంకొకటి కూడా చెప్పాలి. వెనక కూర్చున్నా సరే, సిగ్నల్ రాగానే నా కుడి కాలు ఫుట్‌రెస్టు మీద నుంచి లేస్తుంది. గాలిలో నేలను వెతుక్కుంటుంది.

ఆ తర్వాత అతను క్యాంపస్‌లో నడుస్తూ కనపడేవాడు. కుంటుకుంటూ, రోడ్డు అంచునే. మా బండి చప్పుడు వినగానే ఆగి, మంచి కన్ను ఇటు తిప్పి, టైర్లను చూసేవాడు. మా ఆవిడ ఆపి పలకరించేది. నేను పొదల వైపు ముఖం తిప్పుకుని కూర్చునేవాణ్ణి. ఒక్కసారి కూడా అతనితో మాట్లాడలేదు, మాట్లాడనందుకు ఇప్పుడు బాధా లేదు. ఏనాటిదో ఒక మార్కుల కవరును అన్నేళ్ళు కడుపులో పెట్టుకుని, అదను చూసి, నా చేతిలోని హ్యాండిల్‌ను నా పెళ్ళాం చేతిలో పెట్టి కసి తీర్చుకున్నాడు. పగ పట్టడమంటే ఏమిటో నేను ఆ ప్రొఫెసర్ దగ్గరే చూశాను. అటువంటి శత్రువు నాకు ఇక దొరకడు.

ఇంతవరకు రాసి, మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ బండి టైర్లకు గాలి కొట్టించుకొచ్చి, చేతులు కడుక్కుంటోంది. చివరిదాకా విని, కుళాయి కట్టేసింది.

“పగంట పగ! ఆయనకి మీ పేరే తెలీదు. మీరు యూనివర్సిటీలో చేసినారని గూడా తెలీదు. ఎప్పుడు కలిసినా ‘ఎనక కూసునే సార్ కాళ్ళు పైననే పెడ్తుండా చెల్లే’ అని అడుగుతాండె. లేదని చెప్తాంటి.”